జార్జ్‌టౌన్‌లో ఈ-బైక్ మీద తిరుగుతూ తినడం ఎలా: పెనాంగ్ వెళ్ళే మనవాళ్ళ కోసం

"పెనాంగ్ వెళ్తున్నాం, అక్కడ ఈ-బైక్ ఫుడ్ టూర్ బాగుంటుందా, వెజ్ వాళ్ళకి ఏమైనా దొరుకుతుందా, మా అమ్మ తొక్కగలదా?" ఈ మూడు ప్రశ్నలకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. నేను కౌలాలంపూర్‌లో ఉంటా, ఊరి నుంచి ఎవరొచ్చినా ట్విన్ టవర్స్ చూపించేసి రెండో రోజే పెనాంగ్ బండెక్కించడం నాకు అలవాటు, అలా పిన్నితో ఒకసారి, బావ వాళ్ళ ఫ్యామిలీతో ఒకసారి, ఆఫీస్ ఫ్రెండ్స్‌తో రెండుసార్లు ఈ టూర్ చేశా, ప్రతిసారీ ఏదో ఒక తప్పు చేశాం కూడా.

ముందే ఒక మాట చెప్పేస్తా. అందరూ బండి (మనం తొక్కుతుంటే మోటార్ సాయం చేసే సైకిల్) గురించే కంగారుపడతారు, తొక్కగలమా లేదా, పడతామా అని. ఊరు చిన్నది, దాదాపు చదునే, పాత ఊరంతా చుట్టినా పది పన్నెండు కిలోమీటర్లు దాటదు. అసలు టూర్ పాడయ్యేది తిండి దగ్గర. పొట్ట నింపుకుని వెళ్ళడం, మొదటి స్టాప్‌లోనే ఫుల్ ప్లేట్ లాగించడం, వెజ్ అని గైడ్‌కి ముందే చెప్పకపోవడం. కాబట్టి బండి కంటే కడుపుని ప్లాన్ చేసుకోండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: పెనాంగ్ మలేషియా పడమటి తీరంలో ఒక దీవి, దాని పెద్ద ఊరే జార్జ్‌టౌన్. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషాయన ఈస్టిండియా కంపెనీ తరఫున దిగి మొదలెట్టిన రేవు ఊరు, మలక్కాతో కలిపి 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. చైనావాళ్ళు, మలయ్‌లు, తమిళులు ఒకే వీధిలో పక్కపక్కనే వంట చేసుకుంటూ రెండొందల ఏళ్ళకి పైగా గడిపేశారు, అందుకే తిండికి అంత పేరు.

వెళ్ళే ముందు చూసుకోవాల్సినవి

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇప్పుడు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ సడలింపు 2026 చివరిదాకా పొడిగించారు. కానీ డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు. ఇది ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనబడితే అది గవర్నమెంట్‌ది కాదు, క్లోజ్ చేసేయండి. చెన్నై నుంచి పెనాంగ్‌కి నేరుగా ఇండిగో ఫ్లైట్ 2024 డిసెంబర్‌లో మొదలైంది, మనవాళ్ళకి అది బాగా కలిసొచ్చింది. కౌలాలంపూర్ నుంచైతే ట్రైన్‌లో బటర్‌వర్త్ దాకా నాలుగు గంటలు చిల్లర, స్టేషన్ పక్కనే ఫెర్రీ, నీళ్ళ మీద ఇంకో పావుగంట. టైముంటే ఫెర్రీయే ఎక్కండి, దీవికి వెళ్తున్నాం అన్న ఫీల్ వంతెన మీద కారులో రాదు.

బ్యాగ్‌లో ఉండాల్సినవి:

- ముందు మూసి ఉండే షూస్ లేదా వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులతో పెడల్ మీద కాలు జారుతుంది
- కాటన్ టీషర్ట్, మోకాలు దాటే ప్యాంట్ (గుడి, మసీదు రెండూ ఉంటాయి)
- పల్చటి రెయిన్‌కోట్. గొడుగు వద్దు, సైకిల్ మీద గొడుగు పట్టుకునేవాళ్ళని చూశా, ఆ సీన్ మీకొద్దు
- నీళ్ళ బాటిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి
- చిల్లర: 1, 5, 10 రింగిట్ నోట్లు. బండి కొట్టు దగ్గర వంద నోటు తీస్తే ముందు మీ మొహం చూస్తారు, తర్వాత నోటు చూస్తారు
- చిన్న టవల్, టిష్యూలు. చాలా కొట్ల దగ్గర టిష్యూ ఉండదు

చున్నీ, చీర కుచ్చిళ్ళు, పొడుగు కుర్తా ఇవన్నీ చైన్‌లోకి పోతాయి. మా పిన్ని చున్నీని నడుముకి గట్టిగా ముడేసుకుని తొక్కింది, అదైతే ఓకే.

1. టూర్ బుక్ చేసే ముందు అయిదు ప్రశ్నలు అడగండి

జార్జ్‌టౌన్‌లో ఈ టూర్లు నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు, పేర్లు చెప్పను, మీరే వెతుక్కోండి. ఫోటోలు చూసి బుక్ చేయకండి, మెసేజ్ పెట్టి ఇవి అడగండి:

తిండి ఖర్చు టికెట్‌లోనే ఉందా, విడిగా ఇవ్వాలా? ఎన్ని స్టాప్‌లు, ఒక్కో స్టాప్‌లో తలా ఒక ప్లేటా, షేరింగా? గ్రూప్‌లో ఎంతమంది? బండి పెడల్ తొక్కితేనే మోటార్ సాయం చేసేదా, లేక యాక్సిలరేటర్ ఉన్నదా? వాన పడితే ఏం చేస్తారు?

గ్రూప్ ఎనిమిది మంది దాటితే నేనైతే వద్దంటా, ఎందుకంటే సిగ్నల్ దగ్గర సగం మంది ఇటు సగం మంది అటు ఆగిపోతారు, కొట్టు దగ్గర టేబుల్ దొరకదు. ఇక ఎలక్ట్రిక్ బండి అంటే నిలబడి నడిపే స్కూటర్ చూపిస్తే తీసుకోకండి, మలేషియాలో వాటిని రోడ్ల మీద నడపడం నిషేధం. అద్దెకిచ్చేవాడు "ఏం కాదు బాస్" అంటాడు, పోలీసు ఆపితే ఆ బాస్ ఉండడు.

బాగా పనికొచ్చే పరీక్ష ఒకటి చెప్తా. "మాలో ఒకరు ప్యూర్ వెజ్, రొయ్యల పేస్ట్ కూడా తినరు, మీ స్టాప్‌ల్లో ఆవిడ ఏం తింటారు?" అని అడగండి. "నో ప్రాబ్లమ్, వెజ్ ఉంది" అని ఒక్క ముక్క వస్తే అనుమానించండి. ఫలానా చోట ఫలానాది అని జాబితా చెప్పాడంటే వాడికి పని తెలుసు.

2. టైమ్ ఎంచుకోండి: పొద్దున్నా, సాయంత్రమా

మధ్యాహ్నం మాత్రం వద్దు. ఏడాదంతా 31-32 డిగ్రీలు, పైగా ఉక్క మన కాకినాడ మే నెలని గుర్తుచేస్తుంది. మోటార్ ఉన్నా ఎండ మాత్రం మీదే కదా.

పొద్దున ఏడున్నర ఎనిమిదికి మొదలెడితే రోడ్లు ఖాళీ, బొమ్మల గోడల దగ్గర క్యూ ఉండదు, రోటి చనై అనే పరోటా, కోపీ అనే కాఫీ, నూడుల్స్ సూప్ లాంటి టిఫిన్ ఐటమ్స్ దొరుకుతాయి. సాయంత్రం అయిదింటికి మొదలెడితే రాత్రి హాకర్ కొట్లు, అంటే వీధి తిండి కొట్లు, తెరుచుకుంటాయి, చార్ క్వే టియావ్ అనే నూడుల్స్ పొగలో ఊరు ఇంకో రకంగా ఉంటుంది, కానీ ట్రాఫిక్ ఎక్కువ, గుళ్ళూ మ్యూజియంలూ చూడటం కుదరదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి పొద్దున టూరే చెప్తా. కుర్రాళ్ళైతే సాయంత్రం.

సెప్టెంబర్, అక్టోబర్‌లో వాన ఎక్కువ, అదీ మధ్యాహ్నం తర్వాతే దంచుతుంది. చైనా కొత్త సంవత్సరం వారంలో చైనీస్ కొట్లు చాలావరకు మూసేస్తారు. మామూలు రోజుల్లో కూడా ఒక్కో కొట్టుకి వారంలో ఒక్కో సెలవుంటుంది, కాబట్టి "ఆ ఫేమస్ కొట్టులోనే తినాలి" అని పట్టుబడితే ముందురోజు కనుక్కోండి.

3. ఖాళీ కడుపుతో కాదు, సగం కడుపుతో వెళ్ళండి

హోటల్ బఫే ఫ్రీ కదా అని ఇడ్లీ నుంచి ఆమ్లెట్ దాకా లాగించేసి టూర్‌కి వచ్చినవాళ్ళని చూశా, మా ఆఫీస్ ఫ్రెండ్ ఒకడు రెండో స్టాప్ దగ్గరే చేతులెత్తేశాడు, మిగతా మూడు స్టాప్‌లూ మేం తింటుంటే వాడు ఫోటోలు తీశాడు. అలాగని ఏమీ తినకుండా వెళ్తే ఎండలో కళ్ళు తిరుగుతాయి. ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్ళు, చాలు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మొదటి తిండి స్టాప్ ఎన్నింటికో గైడ్‌ని అడిగి దాన్నిబట్టి వేసుకోండి.

4. బండి తీసుకున్నాక పది నిమిషాలు దాని మీదే పెట్టండి

అందరూ ఇక్కడే తొందరపడతారు. గైడ్ వివరిస్తుంటే సెల్ఫీలు దిగుతుంటారు. వద్దు, ఈ పని చేయండి:

సీటు ఎత్తు సరిచేయించుకోండి, కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి తగలాలి. బాగా అలవాటున్న సైక్లిస్టులు ఇంకా ఎత్తు ఉండాలంటారు, పట్టించుకోకండి, ఊళ్ళో ఆగుతూ వెళ్ళేవాళ్ళకి కాలు ఆనడమే ముఖ్యం. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి బండిని నెట్టి చూడండి, ఏ చేతిది ముందు చక్రమో తెలుసుకోండి. టైరు బొటనవేలితో నొక్కండి, లోపలికి పోతే గాలి కొట్టించండి. స్క్రీన్ మీద బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూడండి. బండి మీద అప్పటికే ఉన్న గీతల్ని ఫోటో తీసుకోండి, నాకు ఒకసారి తిరిగిచ్చేటప్పుడు పాత గీతకి డిపాజిట్‌లో కోత వేయబోతే ఆ ఫోటోయే కాపాడింది.

ఇక మోటార్. ఒకటి నుంచి అయిదు దాకా లెవెల్స్ ఉంటాయి, మీరు తొక్కితే అది తోడు తోస్తుంది, అంతే థియరీ. ఒకటిలో మొదలెట్టండి, ఊళ్ళో రెండు దాటక్కర్లేదు.

అసలైన ప్రమాదం ఇది: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలు పెడల్ మీదే బరువు పెట్టి ఉంచుతాం, మనకి మామూలు సైకిల్ అలవాటు కదా. ఈ బండి దాన్ని "తొక్కుతున్నాడు" అనుకుని ముందుకి దూకుతుంది. మా బావ లెవెల్ నాలుగులో పెట్టుకుని చులియా స్ట్రీట్ మలుపులో ఆగాడు, ఫోన్ తీద్దామని కాలు కదిలించాడు, బండి సరాసరి ఒక కేఫ్ ముందున్న పూలకుండీలోకి. మనిషికేం కాలేదు, కుండీ పగిలింది, డబ్బులు కట్టాం, అక్కయ్య ఇప్పటికీ ఆ కుండీ గురించి ఎత్తుతూనే ఉంటుంది. ఆగినప్పుడు ఒక చెయ్యి బ్రేక్ మీద, రెండు కాళ్ళూ కింద. బ్రేక్ పట్టుకుంటే చాలా బండ్లలో మోటార్ ఆగిపోతుంది.

సరిగ్గా వచ్చిందా అని ఎలా తెలుస్తుంది? ఖాళీ సందులో మూడుసార్లు మొదలెట్టి, మూడుసార్లు ఆగి, ఒకసారి గుండ్రంగా తిరగండి. మూడుసార్లూ బండి ఎగరకుండా కదిలితే మీరు రెడీ. ఎగిరితే లెవెల్ సున్నాలో పెట్టి మామూలు సైకిల్‌లా తొక్కండి, సిగ్గేం లేదు, బరువు ఇరవై కిలోల పైన ఉంటుంది కానీ చదును రోడ్డు మీద నడుస్తుంది.

5. రోడ్డు మీద గుర్తుపెట్టుకోవాల్సినవి

మనలాగే ఎడమపక్క ట్రాఫిక్, అది పెద్ద రిలీఫ్. హారన్ మాత్రం కొట్టరు, వెనక కారుందని మీకు తెలీదు, కాబట్టి పక్కకి జరిగే ముందు తల తిప్పి చూడండి. వన్‌వేలు చాలా ఎక్కువ, గైడ్ ఎటు తిరిగితే అటే తిరగండి, షార్ట్‌కట్ కొట్టకండి.

పాత ఇళ్ళ ముందు అరుగులాంటి కప్పు నడవ ఉంటుంది, కాకి లిమా అంటారు, అంటే అయిదు అడుగులు. దాని అంచునే కాలువ ఉంటుంది, చాలాచోట్ల మూత లేకుండా, మోకాలి లోతుకి పైనే. పార్క్ చేసిన కారుకి దూరంగా జరగాలని కాలువ వైపు వెళ్ళేవాళ్ళే అందులో పడేది. కారుకీ కాలువకీ మధ్య చోటు తక్కువుంటే దిగి నడిపించండి. వాన పడ్డాక రోడ్డు మీది తెల్ల పెయింట్, నడవలోని పింగాణీ పలకలు జారుతాయి, వాటి మీద ముందు బ్రేక్ ముట్టుకోకండి.

ఏదైనా జరిగితే ఎమర్జెన్సీ నంబర్ 999.

6. రూట్: ఏ క్రమంలో వెళ్తే తిండీ చూడటమూ రెండూ కుదురుతాయి

గైడ్‌కి తన రూట్ ఉంటుంది, అయినా చిన్న గ్రూప్ అయితే అడిగితే మారుస్తారు. నాకు కుదిరిన క్రమం ఇది.

ముందు ఆర్మీనియన్ స్ట్రీట్, ఎనిమిదిన్నర లోపే. 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే లిథువేనియా ఆర్టిస్ట్ గోడ మీద ఇద్దరు పిల్లల్ని గీసి, వాళ్ళ కింద నిజం సైకిల్‌ని గోడకి బిగించాడు, దాంతో ఫోటో లేకుండా పెనాంగ్ నుంచి ఎవరూ రారు. తొమ్మిదిన్నర దాటితే టూరిస్ట్ బస్సులొస్తాయి, ఇక లైన్‌లో నిలబడటమే. దారిలో గోడల మీద ఇనప కడ్డీలు వంచి చేసిన కార్టూన్ బొమ్మలు కూడా కనిపిస్తాయి, మొత్తం 52, ఒక్కోటీ ఆ వీధి కథ చెప్తుంది.

అక్కణ్ణించి కాపితాన్ కెలింగ్ మసీదు వీధి. ఒకే వీధి చుట్టూ మసీదు, మారియమ్మన్ గుడి, చైనావాళ్ళ కరుణ దేవత గుడి, 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి. ఆ 'కెలింగ్' అనే మాట మన కళింగం నుంచి వచ్చిందే, తూర్పు తీరం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళని అలా పిలిచేవాళ్ళు. శ్రీకాకుళం వాళ్ళెవరైనా ఉంటే ఆ బోర్డు కింద ఫోటో దిగండి. కానీ ఆ మాటని ఇవాళ మనుషుల మీద వాడితే తిట్టు, మసీదు పేరుగా తప్ప నోట రానివ్వకండి. మారియమ్మన్ గుడి మధ్యాహ్నానికి మూసేస్తారు, శుక్రవారం మధ్యాహ్నం మసీదు దగ్గర రద్దీ, రెండూ చూసుకోండి.

తర్వాత సముద్రం వైపు, గడియార స్తంభం, కార్న్‌వాలిస్ కోట, పచ్చిక మైదానం. గడియార స్తంభం 60 అడుగులు, విక్టోరియా రాణి 60 ఏళ్ళ పాలనకి ఏడాదికో అడుగు లెక్క. ఇక్కడ రోడ్డు వెడల్పు, గాలి బావుంటుంది, బండి హాయిగా సాగేది ఇక్కడే.

తర్వాత క్లాన్ జెట్టీలు, అంటే నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న చెక్క ఇళ్ళ వాడలు, ఒక్కో ఇంటిపేరు వాళ్ళకి ఒక్కో జెట్టీ. చ్యూ జెట్టీ పెద్దది. బండి బయటే పెట్టాలి, చెక్కల మీద తొక్కకూడదు, అవి మనుషులుండే ఇళ్ళు, గుమ్మంలోంచి లోపలికి ఫోన్ పెట్టి తీయకండి. మన ఇంట్లోకి ఎవరైనా అలా తొంగిచూస్తే ఊరుకుంటామా?

వెనక్కి వస్తూ లిటిల్ ఇండియా, చివర్లో లీత్ స్ట్రీట్‌లో నీలం భవంతి. 38 గదులు, 220 కిటికీలు, గోడల రంగు నీలిమందుది, సున్నంలో కలిపి పూశారు. లోపల చూడాలంటే విడిగా టికెట్, టూర్‌లో కలపకండి, ఆలస్యమైపోతుంది.

ఈ మొత్తం మూడున్నర నాలుగు గంటలు. పెనాంగ్ హిల్, కెక్ లోక్ సీ గుడి కూడా ఇదే రోజు కలిపేద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అవి ఆయర్ ఈతమ్ వైపు, ఊరికి దూరం, కొండ, ట్రాఫిక్. వేరే రోజు గ్రాబ్ యాప్‌లో ట్యాక్సీ బుక్ చేసుకుని వెళ్ళండి.

7. తినడం ఎలా: ఇదీ అసలు స్టెప్

రూల్ ఒక్కటే, ఇద్దరికి ఒక ప్లేట్. అయిదు స్టాప్‌లుంటే ఇలా తింటేనే చివరిదాకా వెళ్తారు.

హాకర్ సెంటర్‌లో పద్ధతి మన ఫుడ్ కోర్ట్‌లా ఉండదు. ముందు టేబుల్ పట్టుకోండి, దాని మీద నంబర్ చూసుకోండి, కొట్టుకి వెళ్ళి ఐటమ్, టేబుల్ నంబర్ చెప్పి వచ్చేయండి, ప్లేట్ తెచ్చినప్పుడు డబ్బులివ్వండి. కూర్చున్నాక డ్రింక్స్ అతను విడిగా వస్తాడు, ఏదో ఒకటి చెప్పాలి, చోటు అతనిది కదా. మీ వాటర్ బాటిల్ టేబుల్ మీద పెట్టుకుని ఏమీ వద్దంటే మొహం మాడ్చుకుంటాడు.

డ్రింక్స్ భాష కొంచెం నేర్చుకోండి. ఊరికే 'తే' అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసిన తియ్యటి టీ. 'తే ఓ' అంటే పాలు లేని టీ, పంచదార ఉంటుంది. 'కోసోంగ్' కలిపితే పంచదార లేకుండా. 'కురాంగ్ మానిస్' అంటే తీపి తక్కువ, ఈ రెండు మాటలూ చెప్పకపోతే మన నాలుకకి పాకం తాగినట్టుంటుంది. పార్సిల్ కావాలంటే 'బుంకుస్'.

ఇక ఏం తినాలి.

రోటి చనై: మన పరోటా చెల్లెలు, పప్పు పోసి ఇస్తారు, రెండు మూడు రింగిట్‌లు. పొద్దున మొదటి స్టాప్‌కి ఇదే కరెక్ట్. తమిళ ముస్లిం కొట్లలో కుర్రాడిని "అణ్ణే" అని పిలిస్తే పలుకుతాడు. తెలుగు కంటే తమిళం ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

నాసి కండార్: కండార్ అంటే కావడి. అప్పట్లో తమిళ ముస్లింలు ఒక కుండలో అన్నం, ఒక కుండలో కూర కావడికి వేసుకుని రేవులో కూలీలకి అమ్మేవాళ్ళు. ఇప్పుడు కావడి లేదు కానీ పద్ధతి అదే, అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోస్తారు. 'బంజిర్' అంటే వరద, అన్నం మునిగేలా పోస్తారు. రుచి అదరగొడుతుంది, కానీ టూర్ మధ్యలో తింటే ఇక బండి ఎక్కరు, నిద్ర పోతారు. దీన్ని మర్నాటి మధ్యాహ్నానికి ఉంచుకోండి.

చార్ క్వే టియావ్: వెడల్పు బియ్యం నూడుల్స్, రొయ్యలు, రక్త గుల్లలు (సముద్రపు గుల్లల్లో ఒక రకం), గుడ్డు, మొలకలు. దీని కోసం తొందరపడకండి, మంచి కొట్టులో ఒక్కో ప్లేటూ విడిగా వేస్తారు. నేను చూసిన ఒక పెద్దాయన బొగ్గుల పొయ్యి ముందు నిలబడి, చేతిలో గరిటె ఆపకుండా, నూనె పొగ లేచాక నూడుల్స్ వేసి రెండు చుట్లు తిప్పి, పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడే లోపు మొత్తం దాని మీదకి బోర్లించాడు. నిమిషంన్నర పట్టిందేమో, పన్నెండు మంది క్యూలో ఉన్నా రెండు ప్లేట్లు కలిపి వేయలేదు. పెద్ద మూకుడులో పది ప్లేట్లు ఒకేసారి కలిపేస్తున్నారంటే ఆ కొట్టు వదిలేయండి. చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, తినకపోతే హలాల్ బోర్డున్న కొట్టు అడగండి. గుల్లలు పడనివాళ్ళు ముందే వద్దనండి. ఎనిమిది నుంచి పన్నెండు రింగిట్‌ల మధ్య ఉంటుంది.

అసాం లక్సా: ఇదొచ్చేసరికి మనవాళ్ళు రెండు పార్టీలైపోతారు. కానాగడతల్లాంటి చేపల్ని ఉడికించి మెదిపి చేసిన చింతపండు పులుసు, అందులో నూడుల్స్, పైన పుదీనా, పైనాపిల్, ఉల్లి, కీరా, నల్లటి రొయ్యల పేస్ట్ ఒక చెంచా. గోదావరి వాళ్ళు చేపల పులుసు అనుకుని తింటే హాయిగా తినేస్తారు, నూడుల్స్ అనుకుని తింటే ఉమ్మేస్తారు. నేను మొదటి పార్టీ. ఆ నల్ల పేస్ట్‌ని చెంచాలోనే విడిగా ఇవ్వమని, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

చెండోల్: చివరి స్టాప్. కొబ్బరిపాలు, తాటిబెల్లంలాంటి గులా మలక్కా, తురిమిన ఐస్, రాజ్మా, పైన పాండన్ ఆకుతో పచ్చగా చేసిన కారప్పూసలాంటి మెత్తటి పిండి తీగలు. పెనాంగ్ రోడ్ పక్క సందులో నిలబడే తినాలి, గిన్నె చేతికిస్తారు. ఎండలో నాలుగు గంటలు తిరిగాక ఆ మొదటి చెంచా ఉంటుంది చూడండి. మామూలుగా చూస్తే వెజ్ కూడా.

8. వెజ్ వాళ్ళు ఏం చేయాలి

దొరకదని కాదు, చెప్పడం రావాలి. ఇక్కడ వెజ్ అంటే "మాంసం ముక్క కనబడకూడదు" అని అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది. బెలాచన్ అనే రొయ్యల పేస్ట్ చట్నీల్లో, కూరల్లో, ఆకుకూర వేపుడులో కూడా ఉంటుంది.

మా పిన్ని కథ ఇక్కడ చెప్పాలి. రోటి చనై తెప్పించాం, పప్పుతో అని చెప్పాం, వచ్చింది, తినింది, బావుందంది. రెండోసారి పోయించుకునేటప్పుడు చూస్తే అతను పప్పు మీద చేపల పులుసు ఒక గరిటె పోస్తున్నాడు, అది అక్కడి పద్ధతట, రుచి కోసం. పిన్ని ఆ రోజు ఇంకేం తినలేదు, రాత్రి హోటల్లో ఆవకాయ, మజ్జిగ ప్యాకెట్‌తో సరిపెట్టింది. అప్పటి నుంచి నేను "కువా డాల్ సాజా" అంటా, పప్పు మాత్రమే అని. ఈ మూడు మాటలు రాసి పెట్టుకోండి.

మిగతావి కూడా: "తక్ మావు దాగింగ్, ఇకాన్, ఉదాంగ్, బెలాచన్", అంటే మాంసం, చేప, రొయ్య, బెలాచన్ వద్దు. ఫోన్‌లో మలయ్‌లో, చైనీస్‌లో టైప్ చేసుకుని చూపిస్తే ఇంకా నయం.

వెజ్ వాళ్ళకి గ్యారంటీ స్టాప్‌లు: లిటిల్ ఇండియాలో శాకాహార హోటళ్ళు, ఇడ్లీ దోసె అరిటాకు భోజనం అన్నీ ఉంటాయి. పుట్టు, ఇడియప్పం అమ్మేవాళ్ళు కనిపిస్తారు, పుతు మాయమ్ అంటారు ఇడియప్పాన్ని. అపోమ్ అంటే మన అప్పమే, గుడ్డు ఉందో లేదో అడగండి. చైనీస్ బౌద్ధుల శాకాహార కొట్లు ఇంకా మంచివి, అక్కడ కోడిలా కనిపించేది కూడా సోయానే, ఉల్లి వెల్లుల్లి కూడా వేయని కొట్లున్నాయి. జాజికాయ జ్యూస్ తప్పక తాగండి, మనం గింజే వాడతాం, ఇక్కడ పైన కండతో జ్యూస్, వరుగు చేస్తారు.

9. మధ్యలో చెక్ చేసుకోండి

రెండో తిండి స్టాప్ అయ్యాక ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. ఇంకా ఆకలి ఉందా? లేకపోతే తర్వాత స్టాప్‌లో డ్రింక్ మాత్రమే. బ్యాటరీ సగానికి పైన ఉందా? లేకపోతే లెవెల్ ఒకటికి దించండి, ఇంత చిన్న రూట్‌కి అది అయిపోదు, అయిపోతోందంటే మీరు నాలుగులో తొక్కుతున్నారనో, ఛార్జ్ చేయని బండి ఇచ్చారనో అర్థం. చెమట ఆగిపోయి తల నొప్పిగా ఉందా? నీడలో కూర్చోండి, ఓఆర్ఎస్ తాగండి, గైడ్‌కి చెప్పండి, గ్రూప్ ఆగుతుందేమో అని మొహమాటపడకండి.

10. తొక్కలేనివాళ్ళకి, పిల్లలకి

అరవై దాటిన అమ్మానాన్నలు సైకిల్ అలవాటుంటే తొక్కేస్తారు, ఆ మోటార్ వాళ్ళకోసమే పుట్టింది. ఇరవై ఏళ్ళుగా ముట్టనివాళ్ళని మాత్రం ఎక్కించకండి, కొత్త ఊరు, బరువు బండి, పక్కన కాలువ, ఎందుకొచ్చింది. వాళ్ళకి త్రిషా ఉంది, ముందు ఇద్దరు కూర్చునే మూడు చక్రాల రిక్షా, ఎక్కే ముందే రేటు, టైమ్ మాట్లాడుకోండి. లేకపోతే పాత ఊళ్ళో తిరిగే క్యాట్ బస్సు, ఫ్రీ. మీరు బండి మీద, వాళ్ళు బస్సులో, తిండి స్టాప్ దగ్గర కలుసుకోవచ్చు, మేం అలా చేశాం, అందరికంటే ముందు బస్సు వాళ్ళే చేరి టేబుల్ పట్టారు.

ఊళ్ళో ట్రాఫిక్ భయమైతే దీవికి అటుపక్క బాలిక్ పులావ్‌లో పొలాల మధ్య తొక్కే టూర్లు ఉన్నాయి. అక్కడ వరి, జాజికాయ తోటలు, జూన్ జూలైల్లో డ్యూరియన్. తింటే అక్కడే తినండి, హోటల్‌కి తెస్తే ఫైన్ వేస్తారు, బోర్డులు పెట్టి మరీ చెప్తారు.

11. బండి తిరిగిచ్చేటప్పుడు

మొదట్లో తీసిన ఫోటోలు పక్కన పెట్టి బండి చూపించి, డిపాజిట్ చేతికొచ్చాకే కదలండి. బుట్టలో ఫోన్, కళ్ళజోడు వదిలేసేవాళ్ళు ఎక్కువ, ఒకసారి చెయ్యి పెట్టి తడమండి. గైడ్ బాగా చూపించాడనిపిస్తే టిప్ ఇవ్వొచ్చు, తప్పనిసరి కాదు.

ఇంటికి పట్టుకెళ్ళడానికి అందరూ కొనేది తావ్ సర్ పియా, పెసరపప్పు ముద్ద పెట్టిన పొరల బిస్కట్. వెజ్ వాళ్ళకి ఇస్తారేమో, పెట్టె మీద పంది కొవ్వు లేదని రాసుందో లేదో చూసుకోండి, పాత పద్ధతిలో అది వేసే చేసేవాళ్ళు. నేను మొదటిసారి చూసుకోకుండా కొనేసి, పిన్ని పెట్టె తెరిచాక వెనక వైపు చదివి, ఆ పెట్టె మొత్తం పక్కింటి చైనీస్ ఆంటీకి ఇచ్చేశా. ఆంటీ మాత్రం చాలా సంతోషించింది, మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావ్ అని ఇప్పటికీ అడుగుతుంది.